కదిలే కోళ్ల గూడు, కూరగాయల మడులు: కోళ్లను ఏ మడిలోకి ఎప్పుడు పంపాలి?

పెరటిపాదు (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న పెరట్లో ఆరు మడులు కట్టి కూరగాయలు పండిస్తున్నాము. ఒక్కో మడి 4 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉంటుంది. మడికీ మడికీ నడుమ రెండడుగుల బాట, మడుల కొసన నాలుగడుగుల దారి ఉన్నాయి. గుడ్ల కోసం ఐదు పెట్టలను పెంచుకోవాలని ఇంట్లో అందరం అనుకున్నాము. కోళ్లను వదిలిపెడితే ఒక్క మొలక మిగలదు. ఒకే చోట గూడు కట్టి మూసి ఉంచితే వాసన, ఈగలు, వాటి వెంట ఇరుగుపొరుగు వారితో మాటలు తప్పవు. అందుకని అడుగు లేకుండా, చుట్టూ జాలీతో, జరపడానికి వీలుగా ఒక గూడు చేయించి మడుల మీదనే తిప్పాలన్నది నా ఆలోచన. గూడు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉంటే మడికి సరిగ్గా సరిపోతుంది.

కలుపు తీయడం, పురుగు ఏరడం, ఎరువు వేయడం అన్నీ కోళ్లే చేసిపెడతాయని చాలామంది అంటున్నారు. అది ఎంతవరకు నిజం? గూడును ఎన్ని రోజులకొకసారి జరపాలి? మన ఎండలకు, మన వానలకు ఇది నిలుస్తుందా? చేసి చూసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

చెల్కనేల (స్టేషన్ ఘనపురం)

పెరటిపాదు గారూ, మాది ఎర్ర చెల్క నేల. ఈ పద్ధతిని కొన్నేళ్లుగా పాటిస్తున్నాను కనుక ముందు అన్నింటికన్నా ముఖ్యమైన మాట చెబుతాను. కోళ్ల గూడు పెట్టవలసినది పంట ఉన్న మడిలో కాదు, పంట అయిపోయిన మడిలో. పంట నడుమ కోళ్లను తిప్పితే పురుగు ఏరుకుంటాయని చెప్పేవారు పెట్ట కాలితో గీరడం చూసి ఉండరు. దానికి పురుగుకూ టమాట వేరుకూ తేడా తెలియదు. పండిన టమాటలనైతే పురుగుల కంటే ముందే పొడుస్తుంది.

పంట తీసివేసిన మడిలో మాత్రం వాటి పనితనం చూడవలసిందే. కాకర, బీర, దోస పాదులను పట్టే పండు ఈగ కాయలో గుడ్లు పెడుతుంది, పురుగు కాయలోనే పెరిగి నేలలోకి దిగి కోశస్థ దశలో (ప్యూపాగా) ఉంటుంది. లద్దె పురుగు కూడా నేలలోనే కోశంగా మారుతుంది. పాదు పీకేసిన వెంటనే ఆ జాగాలో గూడు నిలిపితే కోళ్లు పై రెండు మూడు అంగుళాల మట్టిని తిరగేసి ఈ కోశాలను, వేరు పురుగులను, చెదలను ఏరుకుంటాయి. తరువాతి పాదుకు ఈగ పూర్తిగా పోతుందని అనను, ఎందుకంటే పక్కింటి పాదు నుంచి అది ఎగిరి వస్తుంది. అయినా మన మడిలోనే పుట్టి పెరిగేది తగ్గుతుంది. పేనుబంక, తెల్లదోమ వంటి వాటికి మాత్రం కోళ్ల వల్ల ఏ ఉపయోగమూ లేదు.

కలుపు విషయంలోనూ ఆశ కొంచెం తగ్గించుకోవాలి. లేత గడ్డిని, గింజలను తింటాయి. తుంగను మాత్రం పైన ఆకు తుంచి వదిలేస్తాయి, లోపలి గడ్డలు అలాగే ఉండి వారం తిరగకముందే మళ్లీ మొలుస్తాయి. వానపాములను కూడా పురుగులతో పాటే తినేస్తాయి కనుక ఒకే చోట ఎక్కువ రోజులు ఉంచితే నేలకు నష్టం. రెండు రోజులు, మహా అయితే మూడు. అంతే.

అమెరికాలో జోయెల్ సలాటిన్ అనే రైతు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గూళ్లలో మాంసం కోళ్లను పెంచుతూ వాటిని పచ్చిక మీద రోజూ ఒకసారి జరుపుతారు. ఆయనది గడ్డి భూమి, మనది కూరగాయల మడి. రోజూ జరపాలన్న సూత్రం అక్కడి నుంచి వచ్చింది కానీ మన పెరట్లో కోళ్లను జరిపే రోజును నిర్ణయించేది పంటే.

రేగడిరైతు (పరకాల)

చెల్క నేలలో చెల్లుతుంది కాబట్టి చెల్కనేల గారు అలా చెప్పగలిగారు. మాది పత్తి పండే నల్లరేగడి. జూన్‌లో నాలుగు వానలు పడిన తరువాత మా నేలలో మనిషి కాలే మడమల దాకా దిగుతుంది, ఇక చక్రాల సంగతి చెప్పనవసరం లేదు. గూడును లాగడానికి ఇద్దరం పట్టినా కదలదు, కదిలినప్పుడు చక్రం తెచ్చిన మట్టి ముద్దతో మడి గట్టు తెగుతుంది. అన్నింటికంటే చెడ్డ విషయం ఏమిటంటే తడి రేగడి మీద ఐదు కోళ్లు రెండు రోజులు తొక్కితే ఆ మట్టి ఆరిన తరువాత గట్టిపడి గడ్డపారకు కూడా లొంగదు.

కనుక నా అభిప్రాయం ఇది. కదిలే గూడు ఏడాది పొడవునా కదలవలసిన అవసరం లేదు. వానాకాలంలో దానిని ఎత్తైన ఒక చోట నిలిపి, కింద నాలుగు అంగుళాల మందాన ఊక పరచాలి. మన దగ్గర రైస్ మిల్లులకు కొదువ లేదు కనుక ఊకకు ఇబ్బంది ఉండదు. ఆ ఊకను వారానికి రెండుసార్లు కర్రతో తిరగేసి, తడిసిన చోట తీసివేసి పొడి ఊక వేస్తూ పోతే వాసన రాదు. అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలిందంటే ఊక తడిగా ఉన్నదని అర్థం. సెప్టెంబరు ఆఖరుకు ఆ ఊకంతా కుప్ప వేసి మాగబెడితే ఆరు మడులలో రెండింటికైనా ఎరువు వస్తుంది. ఇంటి వెనుక స్థలం రేగడా, చెల్కా, లేక ఇల్లు కట్టేటప్పుడు తెచ్చి పోసిన మొరమా అన్నది పెరటిపాదు గారు ముందు చెబితే మిగిలిన సలహాలకు అర్థం ఉంటుంది.

పెరటిపాదు (హనుమకొండ)

మొరం మీద చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి కట్టిన మడులు. వాన పడితే రేగడంత కాకపోయినా బాగానే అంటుకుంటుంది.

ఇనుపపని (కాజీపేట)

గూళ్లు, గేట్లు చేయడం మా వృత్తి కనుక కొలతల గురించి రెండు మాటలు చెబుతాను. మీరు చెప్పిన 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గల గూడు మడిలో చక్కగా కూర్చుంటుంది, సందేహం లేదు. చిక్కంతా దానిని మడిలో నుంచి బయటకు తీసుకురావడంలో ఉంది. కొసన ఉన్న దారి నాలుగడుగులే కనుక ఎనిమిది అడుగుల గూడును మడిలో నుంచి పూర్తిగా లాగలేరు, లాగలేనప్పుడు పక్కకు తిప్పలేరు. పక్క మడిలో వంకాయ నిలబడి ఉంటే దాని మీదుగా ఎత్తుకెళ్లడమూ కుదరదు. అందువల్ల గూడును 6 అడుగుల పొడవుకు తగ్గించండి, మడులను 14 అడుగులకు కుదించి దారిని ఆరడుగులు చేయండి. అప్పుడు గూడు మడిలో నుంచి పూర్తిగా దారి మీదకు వస్తుంది. అక్కడ ఇద్దరు మనుషులు రెండు వైపులా పట్టుకుని పక్కకు జరిపి, కావలసిన మడి ఎదుట నిలిపి లోపలికి తోస్తారు. నాలుగు మూలలా తిరిగే చిన్న చక్రాలు పెట్టమని కొందరు అడుగుతుంటారు కానీ అవి సిమెంటు నేల మీద తిరుగుతాయే తప్ప మట్టిలో కూరుకుపోతాయి. ఒక కొసన రెండు పెద్ద చక్రాలు, రెండవ కొసన పట్టుకుని లేపడానికి రెండు పిడులు ఉంటే చాలు. పిడులు దించినప్పుడు గూడు అంచు నేలకు ఆనుకునేలా చక్రాల ఇరుసును అంచు కంటే పైకి బిగించాలి, లేకపోతే అడుగున సందు మిగిలిపోతుంది.

ఇద్దరు ఎత్తగలగాలంటే బరువు తగ్గాలి. చట్రానికి ఒక అంగుళం చదరపు గొట్టం చాలు, యాంగిలర్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) వాడితే బరువెక్కుతుంది. ఎత్తు రెండున్నర అడుగులు ఉంటే ఒకవైపు పైకప్పు తెరిచి చేయి పెట్టి అన్నీ అందుకోవచ్చు. జాలీ విషయంలో పొదుపు చేయవద్దు. ఆరు మూలల సన్నని కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ కుక్కను, బావురుపిల్లిని బయట ఉంచదు. అర అంగుళం కన్నాల వెల్డెడ్ జాలీ వేయించండి. ముంగిస, పందికొక్కు మట్టి తవ్వి కింద నుంచి వస్తాయి కనుక గూడు చుట్టూ అడుగు వెడల్పున జాలీ అంచును నేల మీద పరుచుకునేలా మడత బందులతో బిగిస్తే, గూడు జరిపేటప్పుడు దానిని పైకి మడిచి, నిలిపిన తరువాత దించుకోవచ్చు. కోతులున్న కాలనీలలో గడియకు బదులు తాళం వేయండి. మామూలు గడియ తీయడం వాటికి ఎంతసేపూ పట్టదు, అది కళ్లారా చూశాను.

పైకప్పుకు రేకు వేసినా దాని మీద తాటాకులో, రెల్లుగడ్డో కప్పి కట్టాలి. వట్టి రేకు కింద మే నెలలో కోళ్లు ఉండలేవు.

గంపకింద (జగిత్యాల)

అన్నలందరూ కొత్త విద్యలాగా మాట్లాడుతున్నారు కానీ మేదరి వాళ్లు అల్లిన వెదురు గంప కింద పిల్లల తల్లిని మూసి, పొద్దున ఒక చోట, మధ్యాహ్నం నీడ ఉన్న మరొక చోట, సాయంత్రం పెంటకుప్ప పక్కన పెట్టడం మా అత్తగారి కాలం నుంచీ ఉన్నదే. గద్దకు, కాకికి పిల్లలు చిక్కకుండా, పిల్లలకు రోజూ కొత్త నేల దొరికేలా చేసిన ఏర్పాటు అది. మీ గూడు దానికంటే పెద్దది, రాత్రిపూట కూడా ఉండదగినది, అంతే తేడా.

ఏ కోళ్లు తెచ్చుకోవాలన్నది ఎవరూ అడగలేదు. గుడ్లే కావాలనుకుంటే నాటు కోళ్ల జోలికి పోవద్దు. నాటు పెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, పిల్లలు చేసుకునేవారికి అది వరమే గాని గుడ్లు తినేవారికి కాదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ పెరటి పెంపకంలో కూడా ఏడాదికి 150కి పైగా గుడ్లు ఇస్తుంది. అదే సంస్థ ఇచ్చిన వనరాజా బరువైన కోడి, మాంసానికీ గుడ్లకూ రెండింటికీ పనికి వస్తుంది గాని గుడ్లు అంతకంటే తక్కువ. రాజశ్రీ కూడా మన దగ్గర దొరుకుతుంది. వీటిలో ఏది తెచ్చినా ఆరేడు వారాలు నిండిన పిల్లలను కొనండి. ఒక రోజు పిల్లలను తెస్తే బల్బు వెచ్చదనం, టీకాలు, రక్త పారుడు అన్నీ మీ నెత్తి మీద పడతాయి.

పుంజు అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు పొదగడానికి పనికిరావు, అంతే. తెల్లవారుజామున కూత లేకపోతే పక్కింటి వారితో సగం పేచీ తీరినట్టే. పైగా మేడారం జాతర దగ్గర పడ్డప్పుడు పుంజు ఉన్న ఇంటికి అడిగేవారు వస్తూనే ఉంటారు, కాదనడం కష్టం.

మరొక సంగతి. కోళ్లు మడి మీద తిరుగుతున్నాయి కనుక మేత అక్కరలేదని అనుకోవద్దు. ఆ కాస్త జాగాలో ఉన్న పురుగు, గడ్డి మొదటి రోజు మధ్యాహ్నానికే అయిపోతుంది. పెట్టకు రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా కావాలి. మక్కలు, నూకలు, తవుడు మాత్రమే వేస్తే బలుస్తాయి గాని గుడ్డు తగ్గుతుంది. మాంసకృత్తులకు సోయా చెక్కయినా, వేరుశనగ చెక్కయినా ఉండాలి, పెంకు గట్టిపడడానికి షెల్ గ్రిట్ (నలగ్గొట్టిన ఆల్చిప్పలు) ఒక చిప్పలో వేరుగా పెట్టాలి. బూజు పట్టిన మక్కలను, బూజు పట్టిన చెక్కను కోళ్లకు వేసి వదిలించుకుందామనుకోవద్దు, ఆ బూజు విషం నేరుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పేలు పట్టకుండా గూడులో ఒక మూల తట్టలో కట్టెల బూడిద, పొడి మట్టి కలిపి ఉంచితే వాటంతట అవే అందులో పొర్లుతాయి.

లెక్కలబడి (కరీంనగర్)

రెండు మూడు రోజులకు మించవద్దని చెల్కనేల గారు అనుభవంతో చెప్పిన మాటను లెక్కతో సరిచూశాను. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 100 గ్రాములకు పైగా పచ్చి పెంట వేస్తుంది. ఐదు కోళ్లు మూడు రోజులలో వేసేది కిలోన్నర. పచ్చి కోళ్ల పెంటలో నత్రజని ఒకటి నుంచి ఒకటిన్నర శాతం వరకు ఉంటుంది కనుక అందులో 20 గ్రాముల దాకా నత్రజని ఉన్నట్టు. గూడు విస్తీర్ణం 24 చదరపు అడుగులు. అదే మోతాదును ఎకరానికి విస్తరిస్తే 36 కిలోల నత్రజని, అంటే ఒకటిన్నర బస్తాకు మించిన యూరియాతో సమానం. అందులో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుందనుకున్నా, కూరగాయల మడికి తక్కువేమీ కాదు. వారం రోజులు అక్కడే ఉంచితే మోతాదు రెట్టింపు దాటుతుంది. ఆ మడిలో టమాటో, చిక్కుడో వేస్తే ఆకు విరగబూసినట్టు పెరిగి, కాయ మాత్రం వెనకబడుతుంది. పెంట పచ్చిగా ఉన్నప్పుడే నారు నాటితే వేళ్లు మాడిపోతాయి.

గూడు లేపిన తరువాత ఆ చోట ఎండుటాకులో, వరిగడ్డి ముక్కలో పరిచి తడిపితే నత్రజని కొంతైనా నేలలో నిలుస్తుంది.

మేడతోట (హనుమకొండ)

ఎరువు లెక్క బాగానే ఉంది. నాకున్న సందేహం వేరు. పచ్చి కోళ్ల పెంటలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. అటువంటి మడిలో నెల తిరిగేసరికి పాలకూరో, కొత్తిమీరో కోసి తినడం ఎంతవరకు మంచిది? అమెరికా సేంద్రియ వ్యవసాయ నిబంధనల ప్రకారం మాగని పశువుల ఎరువు వేసినప్పుడు, తినే భాగం నేలను తాకే పంట అయితే ఎరువుకూ కోతకూ నడుమ 120 రోజులు, నేలను తాకని పంట అయితే 90 రోజులు గడవాలి. మనం వండుకునే తింటాం కదా అని తోసిపుచ్చడానికి వీలులేదు. కడగని ఆకుకూర పెట్టిన కత్తిపీట మీదనే ఉల్లిపాయ, కీర దోస కోస్తాము. ఇంట్లో పసిపిల్లలు, ముసలివారు ఉన్నప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఈ లెక్కన చూస్తే ఆరు మడులలో కోళ్లను తిప్పడం అంటే ఏడాదిలో సగం రోజులు ఏదో ఒక మడిని ఖాళీగా ఉంచడమే కదా?

చెల్కనేల (స్టేషన్ ఘనపురం)

మేడతోట గారి ప్రశ్న ఈ చర్చకు గుండెకాయ వంటిది. ఖాళీగా ఉంచనవసరం లేదు, కోళ్లు లేచిన మడిలో ఏ పంట వేయాలో ఎంచుకుంటే చాలు. ఆకుకూరలకు, ముల్లంగికి, కొత్తిమీరకు ఆ మడి పనికిరాదు. వాటిని బాగా మాగిన ఎరువు వేసిన వేరే మడిలోనే వేయాలి. వంకాయ, మిరప అయితే కోళ్లు లేచిన రోజే పక్కన ట్రేలో నారు పోసుకోండి. నారుకు నెల పడుతుంది, నాటిన తరువాత మొదటి కోతకు మరో రెండు నెలలు పడుతుంది కనుక 90 రోజులు దానంతట అదే గడుస్తుంది. ఆ నారు పెరిగే నెలలో మడిలో జనుము గాని, అలసంద గాని చల్లి, నాటే ముందు కోసి అక్కడే పరిచేయవచ్చు.

అన్నింటికన్నా బాగా కుదిరేది పసుపు. జగిత్యాల, నిజామాబాద్ వైపు వారికి చెప్పనక్కరలేదు, జూన్‌లో కొమ్ము వేస్తే తవ్వేది జనవరి తరువాతే. మే నెలలో కోళ్లు తిరిగిన మడిలో పసుపు వేస్తే 120 రోజుల నిబంధనకు రెట్టింపు వ్యవధి వస్తుంది, పైగా అది తిండిపోతు పంట. కంద కూడా అంతే. చిలగడదుంపకు నాలుగు నెలలే కనుక కోళ్లు లేచిన తరువాత ఒకటి రెండు వారాలు ఆగి తీగ నాటాలి. బీర, సొర, కాకర పందిరి మీద పాకినా రెండు నెలల్లోనే కాయ మొదలవుతుంది, అందువల్ల వాటికి ముందు నెల రోజుల పచ్చిరొట్ట తప్పదు.

రేగడిరైతు (పరకాల)

పసుపు మాట ఒప్పుకుంటాను. కానీ మడులు ఖాళీ అయ్యేది ఏప్రిల్, మే నెలల్లో. మన దగ్గర ఎండ నెత్తి మాడ్చేది కూడా అప్పుడే. రామగుండం, కొత్తగూడెం వైపు 45 డిగ్రీలు చూస్తుంటాము, వరంగల్ కూడా ఏమంత వెనుకబడి ఉండదు. నేలకు కోళ్లు కావలసిన రోజుల్లోనే కోళ్లకు ఆ నేల మీద నిలువనీడ ఉండదు. దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు.

పశుసేవకుడు (మామునూరు)

రేగడిరైతు గారు లేవనెత్తినది వైద్యుడిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం కనుక ముందు దాని సంగతి చూద్దాం. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం ద్వారానే ఒంటి వేడిని వదులుతుంది. గాలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే మేత తగ్గించి నీళ్లు ఎక్కువ తాగుతుంది, గుడ్డు పెంకు పలచబడుతుంది. 42 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం గాలి ఆడని గూడులో ప్రాణమే పోవచ్చు. కాబట్టి వేసవిలో గూడును తెల్లవారిన వెంటనే మడి మీదకు తెచ్చి, ఎనిమిది తొమ్మిది గంటలకల్లా వేప గాని మామిడి గాని ఉన్న నీడకు మార్చి, సాయంత్రం ఐదు తరువాత మళ్లీ మడి మీదకు తేవడం మేలు. చెట్టు లేని పెరడైతే మడి మీదనే పందిరి వేసి, గోనె పట్టాలు పడమటి వైపు కట్టి తడపాలి. మట్టి తొట్టిలో నీళ్లు రోజుకు మూడుసార్లు మార్చాలి. మేతను ఉదయం, సాయంత్రం మాత్రమే పెట్టాలి, నడి మధ్యాహ్నం తిన్న మేత ఒంట్లో మరింత వేడి పుట్టిస్తుంది. ఇవేవీ వీలుపడకపోతే ఆ రెండు నెలలు మడిని కోళ్లకు ఇవ్వకపోవడమే సరైన నిర్ణయం.

గూడు జరపడంలో ఎరువు లెక్కకు తోడు ఆరోగ్యపు లెక్క కూడా ఉంది. రక్త పారుడుకు కారణమైన కాక్సిడియా అనే పరాన్నజీవి పెంటతో బయటపడిన తరువాత, వెచ్చగా తడిగా ఉన్న నేలలో రెండు రోజులలోనే సోకే స్థితికి వస్తుంది. ఏలిక పాముల గుడ్లకు రెండు మూడు వారాలు పడుతుంది, ఆ తరువాత అవి నేలలో నెలల తరబడి బతుకుతాయి. రెండు రోజులకు గూడు జరిపి, అదే చోటికి కొన్ని నెలల దాకా తిరిగి రాకుండా ఉంటే రెండింటి బెడదా తగ్గుతుంది. పూర్తిగా పోదు కనుక పేడ పరీక్ష చేయించి నులిపురుగుల మందు వేయాలి.

టీకాల దగ్గరే పెరటి పెంపకందారులు ఎక్కువగా ఉపేక్ష చేస్తారు. కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) వస్తే గూడు కదిలేదైనా కదలనిదైనా మిగిలేది ఖాళీ గూడే. అది రాకుండా పిల్లకు మొదటి వారంలో ఒకసారి, నాలుగు వారాలకు మరొకసారి కంట్లోనో ముక్కులోనో చుక్క వేసే లసోటా టీకా, ఎనిమిది వారాలకు రెక్క దగ్గర చర్మం కింద ఇచ్చే ఆర్‌టుబి టీకా తప్పనిసరి. కోళ్ల మశూచి దోమల ద్వారా వ్యాపిస్తుంది, వానలకు ముందే దాని టీకా వేయించుకోవాలి. ఆరేడు వారాల పిల్లలను కొనేటప్పుడు ఇంతవరకు ఏయే టీకాలు పడ్డాయో రాసి ఇమ్మని అడగండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు తెలంగాణలో కూడా అందరూ భయపడ్డారు. అటువంటి రోజులలో మేత గిన్నెలు పిచ్చుకలకు, కాకులకు అందకుండా గూడు లోపలే పెట్టాలి. కారణం తెలియకుండా ఒకేసారి రెండు మూడు చనిపోతే వట్టి చేతులతో ముట్టుకోకుండా పశువైద్యశాలకు తెలపాలి.

చివరగా మందుల గురించి. మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందులు, కార్బోఫ్యురాన్ గుళికలు పక్షులకు అతి తీవ్రమైన విషాలు. పక్క ఇంటి తోటలో మందు కొట్టిన తరువాత అక్కడి గడ్డి కోసి కోళ్లకు వేయవద్దు. పెరట్లో ఆముదం చెట్టు ఉంటే రాలిన గింజలు గూడు కింద పడకుండా చూసుకోండి, అవి కూడా విషమే.

పెరటిపాదు (హనుమకొండ)

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ దగ్గర పెట్టుకుని ఇంట్లో కూర్చుని ఒక ఏర్పాటు అనుకున్నాము. మడులను 14 అడుగులకు కుదిస్తాము. ఒక పక్కగా ఉన్న రెండు మడులను ఆకుకూరలకే ఉంచి, కోళ్లను వాటిలోకి ఎప్పటికీ పంపము. వాటికి వానాకాలపు ఊక ఎరువు మాగిన తరువాత వేస్తాము. మిగిలిన నాలుగు మడులలో పంట అయిపోయిన వెంటనే గూడును ఒక్కో చోట రెండు రోజుల చొప్పున నిలిపి, తరువాత వంకాయ, మిరప, పసుపు మాత్రమే వేస్తాము. మడికి రెండు చోట్లు కనుక నాలుగు రోజులలో ఒక మడి పూర్తవుతుంది. మిగిలిన రోజులలో గూడు పెరటి మూలన ఉన్న వేప చెట్టు కింద ఊక మీద ఉంటుంది. అంటే కదిలే గూడు ఏడాదిలో ఎక్కువ భాగం కదలకుండానే ఉంటుందన్నమాట. దానికి ఇంత ఖర్చు అవసరమా అని మా ఇంటావిడ అడుగుతున్నారు.

ఇనుపపని (కాజీపేట)

అవసరమే. స్థిరమైన గూడు కట్టినా జాలీకి, గొట్టానికి, రేకుకు అంతే ఖర్చవుతుంది. అదనంగా పడేది రెండు చక్రాలు, ఒక ఇరుసు, మడత బందులు మాత్రమే. ఏటా ఆ నాలుగు మడులకు బయటి నుంచి ఎరువు కొని మోయించే కూలిని లెక్కలోకి తీసుకోమని అమ్మగారికి చెప్పండి. గూడు వేప కింద నిలిపినప్పుడు ఊక పక్కకు చిమ్మకుండా నాలుగు వైపులా అడుగు ఎత్తు పలకలు దూర్చి తీసేలా గాడులు పెట్టి ఇస్తే, అదే గూడు రెండు విధాలా పనికి వస్తుంది.

రేగడిరైతు (పరకాల)

వేప కింద అన్నారు కనుక ఒక మాట. గూడు చెట్టు మొదలుకు ఆనుకుని పెట్టవద్దు, కొమ్మ మీద నుంచి పిల్లి, పాము దిగడానికి అది మెట్టు అవుతుంది. గుడ్లను ఏ రోజువి ఆ రోజే ఏరుకోండి, జెర్రిపోతు వాసన పట్టిందంటే రోజూ వస్తుంది.

గంపకింద (జగిత్యాల)

పశుసేవకుడు గారూ, ఆర్‌టుబి టీకా సీసాలో వంద మోతాదులకు తక్కువ ఉండడం లేదు. ఐదు కోళ్లు ఉన్నవారు ఒక సీసా కొని తొంభై ఐదు పారబోయవలసిందేనా? కలిపిన మందును మరునాటికి దాచుకోవచ్చునా?

పశుసేవకుడు (మామునూరు)

దాచుకోకూడదు. కలిపిన తరువాత ఐసు మీద ఉంచి రెండు గంటలలోపు వాడేయాలి, మిగిలినది పారబోసేయాలి. అందుకే చుట్టుపక్కల ఇళ్ల వారు ఒకే రోజు కోళ్లను గంపలలో తెచ్చుకుని ఒక సీసాను పంచుకోవడం మంచిది. కొనేటప్పుడు థర్మాకోల్ డబ్బాలో ఐసు ముక్కలతో తేవాలి. ఎండలో చేతి సంచిలో తెచ్చిన సీసా వేసినా వేయనట్టే. జబ్బుగా ఉన్న కోడికి టీకా వేయకూడదు, నులిపురుగుల మందు వారం ముందే వేసి ఉంచాలి. ఉదయం చల్లని వేళలో పని ముగించండి.

మేడతోట (హనుమకొండ)

పెరటిపాదు గారు పిల్లలను తెచ్చిన తరువాత వాటికి ఎనిమిది వారాల వయసు నిండే తేదీ ఇక్కడ తెలిపితే, హనుమకొండ, కాజీపేట, వడ్డేపల్లి వైపు కోళ్లు ఉన్న సభ్యులం అందరం ఆ ఆదివారం పొద్దున్నే ఒక చోట కలుద్దాం. మా మేడ మీద పెంచుతున్న మూడింటికి కూడా టీకా వేయించవలసి ఉంది. సీసా, ఐసు డబ్బా నేను తెస్తాను, సూది వేయడం వచ్చినవారు ఎవరైనా ముందుగా చెప్పండి.